తడవని రేకులు

"మేడమ్, సగం రేకులకు ద్రావకం మరకే లేదు," అన్నాడు ఫోర్‌మన్, గ్యాస్ శుద్ధిచేసే టవర్ మూత తీసి టార్చి వేస్తూ.

ఇంజినీరు తొంగి చూసింది. ద్రావకమంతా ఒక పక్కనే కారిపోయింది. మిగతా రేకులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

"ఎన్ని రేకులు పేర్చినా, తడిసినంత మేరే గ్యాస్‌ను పట్టుకుంటాయి," అని టవర్ కట్టేటప్పుడే, అదే ప్లాంటులో పనిచేసిన ఆమె భర్త నెత్తీనోరూ కొట్టుకున్నాడు. రేకులన్నీ పనిచేస్తాయని లెక్కగట్టిన ఆమె ఒప్పుకోలేదు. పంతాలకు పోయి వారం రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఎనిమిదో రోజు అతని గుండె ఆగిపోయింది.

"సారు లెక్కే నిజమైంది. రిపోర్టులో ఎవరి పేరు రాయమంటారు?"

"ఆయనదే. నా లెక్క తప్పని కూడా రాయండి."

"ఈ మాట వింటే సారు మురిసిపోయేవారు."

"మురిసిపోవడమా? ఊరంతా టాంటాం వేసేవారు," అని నవ్వేసింది.

సాయంత్రం తాళం తీసి, దీపం వేయకుండానే ముందుగదిలో నిలబడింది.

"మీరే గెలిచారు," అంది పైకే.