ఆపి ఉంచిన ఐదోది

మా బావ ప్రింటింగ్ షాపులో ఇక బతకరన్నవాళ్ళ చావు పోస్టర్లు ముందే తయారుచేసి, కంప్యూటర్‌లో ప్రింటు వరసలో ఆపి ఉంచుతాం. ఆసుపత్రి నుంచి ఇంటివాళ్ళ ఫోన్ రాగానే నేను ఆ పోస్టరు నంబరు కొట్టి ప్రింటుకి వదులుతాను. బావకి కీబోర్డంటే భయం. "నల్ల తెర నీది, కత్తెర నాదిరా" అంటాడు.

ఇవాళ పొద్దున చూస్తే నాలుగు ఉండాల్సిన చోట ఐదున్నాయి.

"ఐదోది ఎవరిది బావా?"

"నిన్న నువ్వెళ్ళాక మీ అక్క పెట్టింది. దాని జోలికెళ్ళకు."

"సరే. అమ్మని ఆసుపత్రి నుంచి ఎప్పుడు తెస్తారు?"

"తెస్తాంలేరా. ముందు టీ తాగు, చల్లారిపోతోంది."

మధ్యాహ్నం బావ ఫోన్ మోగింది. విని పెట్టేశాడు.

"ఏ నంబరు వదలను బావా?"

"నువ్వు లేవరా నాన్నా. ఇది నేను కొడతా."

ఒంటి వేలితో మీటలు వెతుక్కుంటూ కొట్టాడు. ప్రింటర్ కదిలింది. ముందు నెరిసిన జుట్టు వచ్చింది. తర్వాత నుదురు, దాని మీద మా అమ్మ కుట్ల మచ్చ వచ్చాయి.

నేను ప్రింటర్ ప్లగ్గు పీకేశాను. కాగితం కళ్ళ దాకా రాకుండా ఆగిపోయింది.

తెర మీద ఐదోది ఇంకా వరసలోనే ఉంది.