హెర్మన్ దొర వంశం

సముద్రం బందరు వీధుల్లోకి వచ్చి మూడేళ్ళయింది. తాతముత్తాతల్లో ఒకరైనా తమ దేశం వాళ్ళని రుజువు చూపితేనే బయటి దేశాలు రానిస్తున్నాయి. అందుకే ఊరంతా వంశావళి కేంద్రం ముందు క్యూ కడుతోంది.

అర్జీకి ఆఖరి రోజున ఏస్తేరు తన తల్లి సువర్తమ్మను మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిపించుకొచ్చింది. కేంద్రం లోపల కూడా పాదాలు మునిగేంత నీళ్ళున్నాయి.

"మా మూలపురుషుడు హెర్మన్ దొర. జర్మనీ నుంచి వచ్చి ఇక్కడ బడి పెట్టాడు," అంది సువర్తమ్మ గర్వంగా.

క్లర్కు ఆ పేరు ఎదురుగా ఉన్న యంత్రానికి చెప్పగానే అది పాత చర్చి పుస్తకాలన్నీ తిరగేసి, దొర రాసుకున్న ఒక పేజీని తెలుగులో చదివింది.

"ఉప్పెన తీశాక తాటిదుంగకు కట్టేసి ఉన్న పసివాడు దొరికాడు. వాడికోసం ఎవరూ రాలేదు. నా పేరే పెట్టి పెంచుకుంటున్నాను."

"అంటే మీరు ఆ పసివాడి వంశం. దొరతో రక్తసంబంధం లేదమ్మా. అర్జీ చెల్లదు," అన్నాడు క్లర్కు.

"పెంచాడు కదండీ! ఇంకో పుస్తకం చూడండి, మీ కాళ్ళు పట్టుకుంటాను," అంది ఏస్తేరు.

"ఇంకేం లేవమ్మా."

వెనకవాళ్ళు తోస్తున్నా సువర్తమ్మ కదల్లేదు. "బిడ్డను దుంగకు కట్టిన ఆ తల్లి పేరేమైనా రాశాడా నాయనా?"

క్లర్కు మళ్ళీ వెతికాడు. "లేదమ్మా."

ముసలావిడ ఆ నీళ్ళలోనే కూలబడి, రెండు వందల ఏళ్ళ కిందట కొట్టుకుపోయిన ఆ మనిషి కోసం గొల్లుమంది.