పెదవుల పాట

“మాస్టారూ, వేదిక ఖాళీగానే ఉంది. ఒక్క చరణం పాడండి!” అంది గైడు.

ఇటలీలోని పార్మా నగరంలో పాత ఒపెరా హాలు చూడ్డానికి వచ్చిన గుంపంతా చప్పట్లు కొట్టింది. ట్రియెస్టే నగరంలోని ఒపెరాలో ముప్ఫై ఏళ్లు కోరస్ బృందంలో పాడి రిటైరైన ఎర్మానో రెండడుగులు వెనక్కి వేశాడు.

“రైల్లో గొంతు పట్టేసింది, వదిలెయ్యమ్మా,” అంటూ భార్య ఒర్తెన్సియా అతన్ని బయటికి లాక్కొచ్చింది.

రెండు రోజుల తిరుగుడుకి కాళ్లు లాగేస్తుంటే ఇద్దరూ మెట్ల మీదే చతికిలబడ్డారు.

“గొంతు పట్టేసిందని ఎందుకన్నావు?”

“మరేమనను? పాడే గొంతు ఎప్పుడో పోయిందని చెప్పనా? ఆఖరి రెండేళ్లూ నీ పెదవులు కదిలేవి, ఛాతీ పొంగేది కాదు. బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాను.”

ఎవరికీ తెలియదనుకున్నాడు ఎర్మానో.

“గొంతు అలిసిందని ఆ రెండేళ్లూ రోజూ నీచేత పాలు కాయించుకుని, తేనె కలిపించుకుని తాగానే! తెలిసే ఇచ్చావా?”

ఒర్తెన్సియా బూట్లు విప్పి పాదాలు ఒత్తుకుంది.

“తెలిసే ఇచ్చాను. పాడిన రోజులకంటే ఆ రోజుల్లోనే నువ్వు ఎక్కువ అలిసిపోయి వచ్చేవాడివి.”