జాబితాలో మొదటి పేరు

చదువుకున్నవాళ్ళ వల్లే మేస్త్రీ భీమయ్యకు భార్య కడసారి చూపు దక్కలేదు. అందులో అనుమానానికి చోటు లేదు. కొమురవ్వ పోయిందని ఊరి నుంచి వచ్చిన తంతి గల్ఫ్‌లోని ఖోర్ ఫక్కాన్ క్యాంపు ఆఫీసులో బల్ల మీద పదకొండు రోజులు పడి ఉంది. రేవు పని ఆగిపోతుందని ముదీర్ చెప్పలేదు. సరే, వాడు ముదీర్, క్యాంపుకు మేనేజరు. ఇంగ్లీషు ముక్క వచ్చిన మనవాళ్ళు ఎంతమంది ఆ బల్ల ముందు నిలబడి పోలేదు? గుమాస్తా జిలానీ బాషా అయితే రోజంతా అక్కడే కూర్చుంటాడు. ఒక్కడు నోరు విప్పలేదు.

అలాంటి భీమయ్య, పేర్లు రాసేపాటి అక్షరాలే వచ్చినవాడు, ఆ శుక్రవారం సాయంత్రం చేతిలో కాగితం, పెన్సిలు పట్టుకుని బాస్కెట్‌బాల్ రింగు కింద నిలబడ్డాడు. దుబాయ్‌లో ఒక క్లబ్బు జీతమిచ్చి ఆడించుకోవడానికి కాలేజీల్లో ఆడినవాళ్ళ కోసం వెతుకుతోందట. ఆ సంగతి ముదీరే చెప్పాడు. పదిహేను రోజుల కింద కంపెనీ పెద్దాఫీసు కారు వచ్చి పోయినప్పటి నుంచి వాడికి కూలీల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"నువ్వు కరీంనగర్‌లో కాలేజీ గ్రౌండుకు సున్నం గీతలు గీసినోడివంట. ఆటగాడెవడో నీకు తెలుస్తుంది. మంచి పేర్లు రాసివ్వు. రెండు నెలలు ఛుట్టీ ఇస్తా" అని జిలానీ బాషాతో చెప్పించాడు.

కొమురవ్వను కాల్చిన జాగా అయినా ఒకసారి చూడాలి. అందుకే భీమయ్య ఒప్పుకున్నాడు.

ముందు లచ్చన్న వచ్చాడు. బంతిని సిమెంటు బస్తాలా ఎత్తి విసిరాడు. అది వంటశాల రేకుల మీద దబ్బున పడింది.

"లచ్చన్నా, రింగు గాడ లేదే, గీడున్నది!" అని వరసలోంచి ఎవరో అరిచారు.

"తెలుసు తియ్. కూర ఉడికిందో లేదో చూసి రమ్మన్న" అన్నాడు లచ్చన్న. వరసంతా గొల్లుమంది.

"ఖలాస్. పో" అన్నాడు భీమయ్య. నవ్వలేదు.

హన్మాండ్లుకు ఎత్తుంది, చెయ్యి లేదు. నూర్ మొహమ్మద్ పాదాలు చురుకు. హబీబుల్లాకు దమ్ముంది గానీ ఎడమ చెయ్యి మొద్దు. ఈ ఇద్దరూ కాలేజీలో ఆడామని గొణిగారు. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. చదువుకున్నాడని తెలిస్తే ఏజెంటు కూలీ వీసా ఇవ్వడు. కాగితాల మీద క్యాంపులో అందరూ వేలిముద్రగాళ్ళే. రెండు పేర్లూ కాగితం మధ్యలో పడ్డాయి. పైన జాగా ఖాళీగా ఉంది.

తర్వాత అంజిబాబు. కాకినాడ వైపు వాడు. బంతిని రెండు చేతులా తోశాడు. బోర్డుక్కూడా తగల్లేదు.

భీమయ్య బంతిని చూడలేదు. వాడి మోకాళ్ళను చూశాడు. బంతి మీద ఆటగాడిలా విచ్చుకున్న వేళ్ళను చూశాడు.

"మళ్ళ ఎయ్యి."

"నాకు రాదు బాబాయ్. మా ఊళ్ళో కొబ్బరికాయలు దింపుకునేవోణ్ణి."

"ఏ కాలేజీ?"

"కాలేజీయా? నిశానీగాణ్ణండి బాబూ!"

భీమయ్య దవడలు బిగుసుకున్నాయి. "సదువు దాసుకునుడు మీకు మంచిగ ఎరుక. మనిషి సచ్చిందని బల్ల మీద కాయిదం మొత్తుకున్నా సదవరు. కూలోని ఏసం ఏసుకుంటే కూలోనివైతవా? థూ!"

అంజిబాబు ముఖం పాలిపోయింది. "అది కాదు బాబాయ్..." అని ఆగి, వెనక్కి తిరిగి నడిచాడు.

భీమయ్య బంతి అందుకున్నాడు. ఒంట్లో ఉన్న కసి అంతా పెట్టి వాడి తల మీదికి విసిరాడు.

"అంజీ!"

వాడు గిరుక్కున తిరిగాడు. బంతి రెండు అరచేతుల్లో చప్పుడు లేకుండా ఒదిగింది. నేల మీద ఒక్క దరువు. మడమలు లేచాయి. మణికట్టు వంగింది. బంతి ఇనుముకు తగలకుండా రింగులోంచి జారిపోయింది.

వరసంతా ఈలలు వేసింది. అంజిబాబు తన చేతుల వంక తనే చూసుకున్నాడు. దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"పేరు రాయకు బాబాయ్. ఎందుకో అడక్కు. నీకు దణ్ణం పెడతాను, రాయకు."

"ఎండల సావకుండ నీడపట్టున ఆడుకోమంటే నొప్పా?"

భీమయ్య పైన ఖాళీగా ఉంచిన జాగాలో వాడి పేరు రాశాడు. కాగితం చిరిగేంత నొక్కి రాశాడు.

జాబితా ఆ రాత్రే ఆఫీసులో ఇచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే అక్కడికి వెళ్తే ఛుట్టీ కాగితం స్టాంపు వేసి సిద్ధంగా ఉంది. బయట పికప్‌లో ఇద్దరు కాపలావాళ్ళ మధ్య అంజిబాబు రేకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"క్లబ్బుకేనా?" అని అడిగాడు భీమయ్య.

బండి కదిలిపోయింది.

"యా క్లబ్బు? ఏర్‌పోర్టుకి" అన్నాడు లోపల్నుంచి జిలానీ బాషా. "ముదీర్ మీద ఎవుడో పెద్దాఫీసుకు మంచి ఇంగ్లీషులో అర్జీ పంపినాడు. క్యాంపులో అందరూ వేలిముద్రగాళ్ళే అయితిరి, ఎవుణ్ణని పట్టుకునేది? చదువుకున్నోళ్ళు బయటపడాలని ముదీర్ పెట్టిన ఆట ఇది. క్లబ్బూ లేదు, గిబ్బూ లేదు. నువ్వు రాసిన ముగ్గుర్నీ రాత్రే నిలబెడితే, ఆ పిల్లోడే ముందుకొచ్చి నేనే రాసినానన్నాడు. మిగిలిన ఇద్దర్నీ పనికి తోలేసినారు."

"గంత ఏం రాసిండు?"

జిలానీ బాషా ఫైలు తెరిచాడు. తల ఎత్తకుండా ఒక్కో ముక్కా తెలుగులో చదివాడు.

"అయ్యా, మా క్యాంపులో భీమయ్య అనే మేస్త్రీ ఉన్నాడు. ఆయన భార్య కొమురవ్వ చనిపోయిందన్న తంతిని పదకొండు రోజులు..."

"బంద్ చెయ్" అన్నాడు భీమయ్య. "ఈ ముచ్చట ఇంక నా ముంగట ఎత్తకు."

తనూ మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.