ముందున్నవాడు

నర్సీపట్నం ఇంకా మూడు కిలోమీటర్లుందనగా బెన్హర్ బండి మొరాయించింది. కిక్కు కొట్టి కొట్టి కాలు పీకింది గానీ ఇంజనులో ఉలుకూ పలుకూ లేదు. డిసెంబరు మంచు. చాచిన చెయ్యి చాచినవాడికే కనబడటం లేదు.

ఎనిమిదింటికి చర్చిలో ఆరాధన. ఈ ఒక్క ఆదివారమైనా వేళకి చేరాలనుకున్నాడు. ఎందుకంటే ఇవాళ అతను చెప్పబోయేది ప్రసంగం కాదు, సెలవు.

తండ్రి వరదానం గారు ముప్ఫై ఏళ్ళు అక్కడే పాస్టరు. ఆయన పోయాక సంఘమంతా కలిసి కొడుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఆర్నెల్లుగా బెన్హర్ ప్రార్థనలు చేస్తున్నాడు, పెళ్ళిళ్ళు చేస్తున్నాడు, పిల్లలకు పేర్లు పెడుతున్నాడు. లోపల మాత్రం ఖాళీ. దేవుడు పక్కనే ఉన్నాడని వారం వారం వందమందికి చెప్పడమే గానీ, ఆ పక్కనున్నవాడు తనకు ఒక్కసారీ తగల్లేదు. ఇంతకంటే యలమంచిలిలో బావగారి సిమెంటు కొట్టులో కూర్చోవడం నయం. కనీసం బస్తా కంటికి కనబడుతుంది.

బండిని రోడ్డు పక్కన వదిలేసి, చెరుకు తోటల మధ్య అడ్డదారిలోకి దిగాడు. సన్నటి గట్టు. ఎడమ చేతికి చెరుకు ఆకులు గీసుకుంటున్నాయి. గట్టు ఎడమకి తిరిగినప్పుడల్లా తనూ తిరుగుతూ, అదే ఆనవాలుగా నడిచాడు. పది నిమిషాల్లో అవతల తగలాల్సిన ఊరి రోడ్డు అరగంటైనా తగల్లేదు. దారి తప్పింది. భయం వేసి, గొంతెత్తి కీర్తన అందుకున్నాడు. నమ్మకం పోయినా గొంతు మిగిలింది కదా!

“ఎవులది? పాస్టరుగారేటండీ?”

పాలు పోసే లోవమ్మ గొంతు. మనిషి కనబడదు, క్యాన్లు మాత్రం గలగలమంటున్నాయి.

“తోవ తప్పోనానండి. మీకు తెలుసు గదండీ?”

తెలియదని చెప్పాలి. కానీ పాస్టరు నోటికి ఆ మాట అలవాటు లేదు.

“రండమ్మా, నా వెనకే రండి” అనేశాడు.

“మీ దేవుడైతే ఏటి, మా దేవుడైతే ఏటి, బేగి రోడ్డెక్కిత్తే సాలు” అంటూ ఆవిడ వెనక చేరింది.

ఆవిడ వెనక చెరుకు నరికే తాతాజీ, అతని ముఠా చేరారు. వాళ్ళ వెనక సంతకు వెళ్ళేవాళ్ళు. ఒకరికొకరు కనబడరు. ముందువాళ్ళ అడుగులు వినడం, నడవడం, అంతే. ఎంతమందయ్యారో బెన్హర్‌కి అంతుపట్టలేదు.

కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఒకటే అడుగుతున్నాడు.

“ముందెవులు?”

“పాస్టరుగారు.”

“అయితే పర్లేదు.”

ఆ ‘పర్లేదు’ విన్నప్పుడల్లా బెన్హర్ సిగ్గుతో చచ్చిపోతున్నాడు. దారి తెలియనివాడి వెనక ఇంతమంది! ఆర్నెల్లుగా చర్చిలో జరుగుతున్నదీ ఇదే.

“ప్రభువా, నాకోసం కాదు, వీళ్ళకోసం. ఉంటే ఒక్కసారి వచ్చి నాకు ముందు నడువు. మళ్ళీ సిమెంటు మాట ఎత్తను” అని గొణుక్కున్నాడు. ప్రార్థన కంటే అది బేరంలాగే ఉంది.

కాసేపటికి, ముందు అడుగుల చప్పుడు.

తలెత్తి చూశాడు. మంచు పిసరంత పలచబడ్డ చోట, నాలుగు బారల దూరంలో తెల్లగా ఏదో కదులుతోంది. మనిషి కంటే ఎత్తు. నింపాదైన నడక. బెన్హర్ ఒళ్ళు జలదరించింది. అయినా డిగ్రీలో ఫిజిక్సు చదివినవాడు, ఒక పట్టాన నమ్మడు. కాల్లో ముల్లు దిగిందని వంక పెట్టి ఆగాడు. వెనక వరసంతా ఆగింది. ఒక్క క్షణం తర్వాత ఆ తెల్లని ఆకారం కూడా ఆగింది.

అడుగేశాడు. కాసేపటికి అదీ కదిలింది. మళ్ళీ ఆగాడు. అదీ ఆగింది, అతనికోసమే ఎదురుచూస్తున్నట్టు.

‘ఆయన ఎవర్నీ వదిలేసి వెళ్ళిపోడురా’ అని నాన్న అనేవారు. బెన్హర్ వెనక్కి తిరిగి, “భయపడకండి, నేనున్నాను. వెనకవాళ్ళకి చెప్పండమ్మా” అన్నాడు లోవమ్మతో.

ఆ మాట నోటినుంచి నోటికి మారుతూ వెనక్కి వెనక్కి వెళ్ళి మంచులో కలిసిపోయింది.

అప్పుడు ముందునుంచి ఒక బొంగురు గొంతు మెల్లగా పలికింది.

“బయపడకండి. నానున్నాను.”

బెన్హర్ ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలిపోయాడు. ప్రభువు పలికాడు! అదీ గ్రాంథికంలో కాదు, ఇంట్లో మనిషిలాగా నర్సీపట్నం మాటలో పలికాడు. ఏడ్చాడు, నవ్వాడు. బావగారికి మనసులోనే ఒక దండం పెట్టేశాడు. ఇక బతికినన్నాళ్ళూ ఈ పనే. ఇంత హాయి అతను పుట్టి ఎరగడు.

“ఏటయిందండీ?” అంది లోవమ్మ కంగారుగా.

“దొరికాడమ్మా!”

“తోవ దొరికినాదంట!” అని వరస పొడుగునా కబురెళ్ళింది.

బెన్హర్ లేచి పరుగందుకున్నాడు. తెల్లని ఆకారాన్ని చేరి, కాళ్ళ మీద పడి, “ఇన్నాళ్ళకి కనికరించావా తండ్రీ! ఇక్కణ్ణుంచి ఎటు తీసుకెళ్తావో చెప్పు” అన్నాడు.

తట్ట మీదుగా కప్పుకున్న తెల్ల దుప్పటి ముసుగు పక్కకి జరిగింది. నెత్తిన వంకాయల తట్టతో ముసలి సోమన్న, హడలిపోయి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

“నన్నడుగుతారేటి బాబూ, ఈ వరసలో అందరికన్నా ఎనకాల సేరినోణ్ణి నాను, తోవ ముందున్న పాస్టరుగారికి తెలుసంట!”