ఆరు కుండీల బరువు

"పూలకుండీల బరువుకి బాల్కనీ కూలిందా? మా అమ్మ ప్రాణం తీసి, తప్పు మా అమ్మ మీదకే తోస్తారా? ఈ కాగితం మీద సంతకం పెట్టను గాక పెట్టను!"

కొడుకు అరుపుకి ఇన్సూరెన్స్ సర్వేయర్ నొచ్చుకున్నాడు. పాపం, మెత్తటి మనిషి.

"అది బిల్డరు చెప్పిన మాట బాబూ. కట్టడంలో లోపముంటే చూపించండి, కొట్టేసి రాస్తాను. పరిహారం కూడా మీకే వస్తుంది."

"పరిహారం ఎవడిక్కావాలండీ? ఆరంటే ఆరే కుండీలు! పొద్దున్నే లేచి వాటితో కబుర్లు చెప్పుకునేది. అవే చంపాయంటే ఎలా ఊరుకోను?"

మూలన కూర్చున్న తండ్రి తలెత్తలేదు. "పెట్టెయ్యరా సంతకం. తవ్వినకొద్దీ బాధే."

కొడుక్కి ఒళ్లు మండిపోయింది. "అమ్మ పోయి నెలైనా కాలేదు నాన్నా! ఆ బిల్డరు వాళ్ల దగ్గర ఇరవై ఏళ్లు పనిచేశావని, ఫ్లాటు తక్కువకిచ్చారని, ఇంకా వాళ్లనే వెనకేసుకొస్తావా?"

 కొడుకు విసురుగా సర్వేయర్ని కిందికి తీసుకెళ్లాడు. కాసేపటికి తండ్రి కూడా గోడ పట్టుకుంటూ మెట్లు దిగాడు.

పెరట్లో విరిగిన స్లాబు అలాగే పడి ఉంది. పగిలిన కుండీల మధ్య ఒక్క మొక్క మాత్రం ఇంకా పచ్చగా ఉంది. దాన్ని చూడగానే కొడుక్కి దుఃఖం ఆగలేదు. సర్వేయర్ సుత్తి తీసుకుని స్లాబు అంచు పగలగొట్టాడు.

"ఇదుగో, దొరికింది! బాల్కనీకి కడ్డీలు పైభాగంలో ఉండాలి. ఇవి అడుగున ఉన్నాయి. కింద ఆసరా పెట్టకుండా కట్టారు. కాంక్రీటు పోసేటప్పుడు తొక్కితే దిగిపోయాయి. కుండీలు లేకపోయినా ఇది కూలేదే."

"విన్నావా నాన్నా? అమ్మ తప్పేం లేదు!" కొడుకు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

సర్వేయర్ మాత్రం పెదవి విరిచాడు. "బిల్డరు ఒప్పుకోడు బాబూ. ఫ్లాటు కొన్నాక బాల్కనీ మీరే వేయించుకున్నారంటాడు. ఈ కడ్డీలు కట్టినవాడే వచ్చి చెప్పాలి." కళ్లజోడు సవరించుకుని, కడ్డీలను కలిపి కట్టిన తీగని పరీక్షగా చూశాడు. "మెలిక చూడండి. అందరూ కుడికి తిప్పుతారు. ఇది ఎడమకి తిరిగింది. ఎడమచేతి వాటం మనిషి. ఒక ప్రాణం పోయాక నేనే కట్టానని ఎవడొస్తాడు లెండి?"

"దొరకనివ్వండి," కొడుకు పళ్లు కొరికాడు. "మా అమ్మని పొట్టన పెట్టుకున్నవాణ్ని ఈ జన్మలో వదలను."

తండ్రి ఆ పచ్చటి మొక్కని చాలాసేపు చూశాడు. తర్వాత వంగి, రాళ్లలోంచి ఓ తీగ ముక్క ఏరుకున్నాడు.

"కుండీల మాట కొట్టెయ్యండి బాబూ," అన్నాడు సర్వేయర్‌తో.

ఆ తీగని కడ్డీకి చుట్టి, రెండు మెలికలు తిప్పాడు, ఎడమ చేత్తో.