మోకాళ్ళకు వావిలాకు

ఇప్పటి పిల్లలు కలం పట్టరు. నోటితో చెబితే గోడ మీది తెరే రాసిపెడుతుంది. అందుకని బడివాళ్ళు, ప్రతి పిల్లా నెలకో ఉత్తరం ఒక పెద్దావిడకో పెద్దాయనకో చేత్తో రాయాలని నియమం పెట్టారు. పిల్లే రాసిందని ఆ పెద్దవాళ్ళు సంతకం పెట్టకపోతే బడిలో సీటు పోతుంది. ఏడో తరగతితో చదువు ఆగిన నాకు నేర్పే ధైర్యం చాలక, మా అమ్మాయి విహ పేరుతో నాలుగు నెలలుగా నేనే రాస్తున్నాను.

ఈ ఉదయం ఆ ఉత్తరాలందుకునే భ్రమరాంబగారు గోడ మీద కనిపించారు.

“ఎనిమిదేళ్ళ పిల్ల నా మోకాళ్ళకు వావిలాకు కాపడం పెట్టుకోమని రాసిందే! ఏదీ, నా ఎదురుగా ఓ ముక్క రాయవే తల్లీ.”

విహ కలాన్ని గరిటెలా పట్టుకుంది. నేను గోడకు ఎదురుగా వచ్చాను.

“నేనే రాశానండీ. దాన్నేమీ అనకండి.”

ఆవిడ మోకాలు నిమురుకున్నారు.

“కాపడం బాగానే పనిచేసిందమ్మా. అయినా అబద్ధానికి సంతకం పెట్టను. శనివారం దాకా ఆగుతాను. నాలుగు వాక్యాలు, పిల్ల చేత్తో.”

గోడ ఆరిపోగానే విహ చెయ్యి పట్టుకుని ‘అ’ దిద్దించబోయాను. నా వేళ్ళు వణికి గీత వంకరపోయింది.

“అబ్బా, కదిపేస్తున్నావమ్మా! వదులు, నేను రాస్తా.”

వదిలాను.